వర్సం అని రాయొచ్చా?

బెంగుళూరులో మా అమ్మాయి వెళ్ళిన ప్రీ-స్కూల్లో గోడకి ఒక చార్టు ఉండేది. దాని మీద నాలుగు బొమ్మలు: నవ్వుతున్న సూర్యుడు, దూదిలాంటి మబ్బు, గొడుగు, మంచుమనిషి. రోజూ పొద్దున్నే ఒకరు వెళ్ళి బాణం గుర్తుని ఆ రోజు బొమ్మ మీదికి తిప్పాలి. మంచుమనిషి దగ్గరికి బాణం ఎప్పుడూ వెళ్ళలేదని వేరే చెప్పక్కర్లేదు. నా పేచీ ఆ మంచుమనిషితో కాదు, పాపం. సూర్యుడితో. జనవరిలో స్వెట్టర్ వేసుకుని వెళ్ళిన రోజూ సూర్యుడే, ఏప్రిల్లో నీళ్ళ సీసా రెండుసార్లు నింపుకున్న రోజూ సూర్యుడే. కిటికీలోంచి చూడకుండా బాణం తిప్పేసినా చాలా రోజులు సరిపోతుంది.

ఆ చార్టు పిల్లల్ని "ఏం చూశావు?" అని అడగదు. "ఏమని తేల్చావు?" అని అడుగుతుంది. తేల్చడం ముందు నేర్పి, చూడటం తర్వాత నేర్పుదాంలే అనుకుంటే ఆ 'తర్వాత' మామూలుగా రాదు. నా ఉద్యోగంలో ఇది రోజూ చూస్తూనే ఉంటాను. లాగ్ తెరిచి చదవకుండానే "సర్వర్ స్లో" అని టికెట్ రాసేస్తారు. ఏ పేజీ, ఎన్ని గంటలకి, ఎంతసేపు పట్టింది అని అడిగితే విసుక్కుంటారు. వాళ్ళందరూ చిన్నప్పుడు బాణం తిప్పినవాళ్ళేనేమో అని నాకొక అనుమానం.

మొన్న ఆగస్టు నుంచి మేం శ్రీకూర్మంలో ఉంటున్నాం. నాకు ఇంటి నుంచే పని, అమ్మ ఒక్కతే ఉంటోంది, అమ్మాయి ఇంకా ఒకటో తరగతే. కారణాలన్నీ కలిసొచ్చాయి. శ్రీకాకుళం నుంచి అరగంట ప్రయాణం. విష్ణువుని తాబేలు రూపంలో కొలిచే గుడి, ఎదురుగా శ్వేత పుష్కరిణి, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు. ఊరు దాటి ఇంకాస్త వెళ్తే సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. సాయంత్రం నేను లాప్‌టాప్ మూసే వేళకి మా చీడీ మీద ఐదుగురు పిల్లలు చేరతారు. మా అమ్మాయి, వీధిలో పిల్లలు ముగ్గురు, మచ్చిలేశం నుంచి వాళ్ళ అమ్మమ్మ ఇంటికి వచ్చి చదువుకుంటున్న పిల్లాడొకడు. ఐదేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళు. వాళ్ళ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట మీద 'గాలి వాన పుస్తకం' అని రాసుంది.

దీనికి నేను పెట్టిన నియమం ఒక్కటే. బాగుంది, బాలేదు, ఎండగా ఉంది, వానగా ఉంది అని రాయకూడదు. ఎండో వానో గాలో ఎవరిని, దేన్ని, ఏం చేసిందో రాయాలి. మొదటి రెండు రోజులూ ఎవరికీ ఏమీ తోచలేదు. మూడో రోజు నుంచి ఆగలేదు. మామ్మ వడియాలు సాయంత్రానికి కూడా ఎండలేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దయింది. గొడుగు నెత్తి మీద కాదు, మొహానికి అడ్డం పట్టుకోవాల్సొచ్చింది. పుష్కరిణిలో నీళ్ళ మీద గీతలు లేవు. కుక్క అరుగు కింద నుంచి లేచి మెట్టు మీద పడుకుంది. రాయడం ఇంకా రానివాళ్ళు చెప్తే పెద్దవాళ్ళు రాస్తారు. చెప్పింది చెప్పినట్టే రాయాలి. అది రెండో నియమం. దాని గురించి తర్వాత.

తాబేళ్ళ దగ్గర ఒక మంచి గొడవ జరిగింది. నక్షత్ర తాబేళ్ళు ఎండల్లో ముడుచుకుని పడుంటాయి, వానలు మొదలైతే చురుగ్గా తిరుగుతాయి. మచ్చిలేశం పిల్లాడు ఒకరోజు గుడి నుంచి పరిగెత్తుకొచ్చి, "తాబేళ్ళు తెగ తిరిగేస్తన్నాయి, వాన పడిపోతాది, రాసీండి!" అన్నాడు. మా ఎదురింటి అమ్మాయి నింపాదిగా, "ఆకుకూర ఏసినారు కదరా, అందుకే తిరుగుతన్నాయి" అంది. పరిశోధన పద్ధతుల మీద నేను విన్న ఏ ఉపన్యాసం కన్నా ఇదే సూటిగా ఉంది. ఆ తర్వాత పుస్తకంలో తాబేళ్ళ గురించి రాసినప్పుడల్లా పక్కన 'ఆకు ఉంది' లేదా 'ఆకు లేదు' అని రాస్తున్నారు.

గాలి విషయంలో నేను వాళ్ళకి బ్యూఫర్ట్ కథ చెప్పాను. ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ బ్రిటిష్ నౌకాదళంలో అధికారి. 1805 ప్రాంతంలో గాలి బలాన్ని సున్నా నుంచి అంకెలతో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇందులో నాకు నచ్చే విషయం ఏమిటంటే, ఆ అంకెల వెనక మొదట్లో వేగం లేదు. గంటకి ఇన్ని మైళ్ళని లేదు. ఈ గాలికి యుద్ధనౌక ఎన్ని తెరచాపలు ఎత్తగలదు, ఏవి దించెయ్యాలి అన్నదే కొలత. తర్వాత ఎప్పటికో నేల మీద వాళ్ళ కోసం దాన్ని తిరగరాశారు. పొగ నిటారుగా లేస్తే సున్నా, ఆకులు గలగలమంటే రెండు, ఇలా పన్నెండు దాకా. గాలి కనపడదు కాబట్టి అది కదిపినవాటిని చూసి రాయడం తప్ప వేరే దారి లేదు. దీన్ని లోపం అనుకోకుండా పద్ధతిగా మార్చుకోవడమే బ్యూఫర్ట్ గొప్పతనం.

మా పిల్లలు శ్రీకూర్మానికి సొంత పట్టిక రాసుకున్నారు. సున్నా: ఎదురింటి పొయ్యి పొగ తిన్నగా పైకి పోతుంది. ఒకటి: పొగ వంగుతుంది, కొబ్బరాకు కదలదు. రెండు: కొబ్బరాకు చివర్లు మాత్రం కదులుతాయి. మూడు: దండెం మీద తువ్వాలు ఎగురుతుంది. నాలుగు: రేకులు కొట్టుకుంటాయి. ఐదు: సరుగుడు తోట చప్పుడు ఇంటికి వినపడుతుంది. ఆరు దగ్గర ఆగిపోయారు. ఆరు వాళ్ళెవరూ చూడలేదు. ఊహించి రాస్తామన్నారు గానీ ఎదురింటి అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచారు. నాకు ఆ పట్టికలో అన్నిటికన్నా ఇష్టమైంది ఆ ఖాళీ గడే.

ఇదంతా మన సాహిత్యానికి పరాయి పనేమీ కాదు. కాకపోతే మనం బళ్ళోకి తెచ్చుకున్నది వేరే వైపు నుంచి. ప్రబంధంలో అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు, అందులో ఋతువర్ణన ఒకటి. వసంతం అంటే మామిడి చిగురు, కోకిల. వర్షం అంటే నెమలి. వీటిని కిటికీ తెరవకుండా రాయొచ్చు, చాలామంది అలాగే రాశారు కూడా. మన పిల్లలు గైడు చూసి రాసే 'వర్షాకాలం' వ్యాసం ఆ వర్ణనలకి మునిమనవరాలు. రైతులు ఆనందిస్తారు, చెరువులు నిండుతాయి, కప్పలు బెకబెకమంటాయి, అంటువ్యాధులు ప్రబలుతాయి. పది మార్కులు.

కానీ ఆ ప్రబంధాల్లోనే 'ఆముక్తమాల్యద' ఉంది. నాలుగో ఆశ్వాసంలో కృష్ణదేవరాయలు వానాకాలం గురించి రాస్తూ వంటింట్లోకి వెళ్తాడు. ముసురు పట్టింది, నిప్పు ఆరిపోయింది. ఇల్లిల్లూ తిరిగితే కాస్త దొరికింది. ఊదినా ఊదినా రాజుకోదు, ఇల్లంతా పొగ. చక్రవర్తికి ఈ సంగతి ఎలా తెలుసన్న ఆశ్చర్యం అటుంచితే, వాన ఎన్నాళ్ళ నుంచి పడుతోందో ఆ పొయ్యే చెప్పేస్తుంది. తెరచాప చూసి గాలిని రాసిన బ్యూఫర్ట్, తడికట్టె చూసి ముసురుని రాసిన రాయలు, వడియాలు చూసి చెమ్మని రాసిన ఐదేళ్ళ పిల్ల ఒకే పని చేశారని నేనంటే కాస్త అతిశయోక్తిగా వినిపిస్తుందేమో. ముగ్గురూ ఆకాశాన్ని వదిలేసి కింద చూశారన్నది మాత్రం నిజం.

మబ్బుల మీద కథలల్లడం గురించి కూడా ఒక మాట. సుహోమ్లీన్‌స్కీ 1951లో ఉక్రెయిన్‌లోని పావ్లిష్ అనే పల్లెలో ఇంకా ఒకటో తరగతిలో చేరని పిల్లల్ని ఆరుబయటకి తీసుకెళ్ళి 'ఆనందాల బడి' నడిపాడు. ఆ పుస్తకం అంటే నాకు చాలా గౌరవం. అందులో పిల్లలు ఆకాశం చూసి అద్భుతమైన కథలు చెప్తారు. మా చీడీ మీద మాత్రం నేను కథల్ని కొంచెం ఆపుతాను. మబ్బు ఏనుగులా ఉందని చెప్పాక పిల్లలు ఏనుగునే చూస్తారు, మబ్బుని చూడరు. ఏనుగు ఎటు పోతోంది, ఎంతసేపటికి తొండం ఊడింది అని అడిగితే మళ్ళీ మబ్బు దగ్గరికి వస్తారు. ఆ ప్రశ్న అడిగే ఓపిక ఉంటే ఏనుగుతో నాకేం పేచీ లేదు.

ఇక రెండో నియమం. చెప్పింది చెప్పినట్టే రాయడం. సెప్టెంబరులో ఒక రోజు ఎదురింటి అమ్మాయి చెప్తోంది, పెద్ద పిల్లాడు రాస్తున్నాడు. "రాత్రి వర్సం ఒకేపాలి కొట్టీసినాది, మా గుమ్మంలోకి నీరొచ్చీసినాది." పెద్దాడు పెన్ను ఎత్తి నా వైపు చూశాడు. "మావయ్యా, వర్సం అని రాయొచ్చా?" బళ్ళో వాడికి ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా పడిందట. రాయమన్నాను. "పరీక్షలో వర్షం అని రాయి, ఇందులో చెప్పింది రాయి" అన్నాను. వాడికి ఈ రెండు ఖాతాల పద్ధతి వెంటనే అర్థమైంది. పిల్లలకి అర్థమవుతుంది. పెద్దవాళ్ళకే కాదు.

ఆ వాక్యాన్నే బడి భాషలోకి మార్చి చూడండి: "నిన్న రాత్రి భారీ వర్షం కురిసింది." తప్పేమీ లేదు. కాకపోతే ఒకేపాలి కొట్టెయ్యడం పోయింది. అంటే వాన మెల్లగా మొదలవలేదు, ఉన్నట్టుండి దబదబా పడి ఆగిపోయిందన్న సమాచారం పోయింది. గుమ్మమూ పోయింది. సవరణలో భాష బాగుపడి పరిశీలన కొట్టుకుపోయింది. ఈ సంగతి మా జిల్లాలో కొత్తగా చెప్పాల్సింది కాదు. వాడుకభాషని బడిలోకి తేవాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది ఇక్కడే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన సవర భాష నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశాడు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, మన బళ్ళలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. 'వర్సం' చుట్టూ సున్నా చుట్టడం ఆ మర్నాటి నుంచి యథాప్రకారం.

నాకు ఇందులో సొంత స్వార్థం కూడా ఉంది. బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు మా అమ్మాయి దగ్గర వానకి ఒకటే తెలుగు మాట ఉండేది, 'వాన'. మిగతావన్నీ ఇంగ్లీషులో. నేను పట్టిక రాసి గోడకి అంటించలేదు. తుంపర, జల్లు, జడి, ముసురు అని బట్టీ పట్టించడం మొదలుపెడితే అదీ బాణం తిప్పడమే అవుతుంది. ఒకరోజు తనే అడిగింది: "నాన్నా, పడుతోంది కానీ పడట్లేదు, చెయ్యి చాపితే తడవట్లేదు, జుట్టు తడుస్తోంది. దీన్నేమంటారు?" మా అమ్మ లోపల్నుంచి "తుంపర" అంది. తేడా ముందు కనపడింది, పేరు తర్వాత వచ్చింది. అలా వచ్చిన మాట మళ్ళీ మర్చిపోలేదు. మూడు రోజులు ఆగకుండా పడిన సన్నవానకి 'ముసురు' కూడా అలాగే దొరికింది.

వాన కొలవడానికి కూల్‌డ్రింక్ సీసా కోసి, పైభాగాన్ని గరాటులా తలకిందులుగా పెట్టాం. సీసా అడుగు గుంటలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, ఒక గీత దాకా నీళ్ళు పోసి, అక్కణ్ణుంచి స్కేలు అంటించాం. వాతావరణ శాఖ వాళ్ళలాగే పొద్దున్న ఎనిమిదిన్నరకి చూస్తాం. అంతకుముందు ఇరవై నాలుగు గంటల్లో పడింది ఆ రోజు లెక్కలోకి వస్తుంది. రాత్రి పడిన వాన రేపటి ఖాతాలో ఎందుకని రెండు రోజులు వాదన నడిచింది. అసలు రభస ఇంకోదాని మీద. 2.5 మిల్లీమీటర్లన్నా పడితేనే దాన్ని 'వాన పడిన రోజు' అంటారని చెప్పాను. ఆ రోజు సీసాలో రెండే ఉంది. మచ్చిలేశం పిల్లాడు చొక్కా పిండి చూపించాడు. "మరిదేటి?" అన్నాడు. ఇద్దరి మాటా పుస్తకంలో ఉంది: సీసా 2, చొక్కా తడిసినాది.

మా అమ్మకి ఈ పుస్తకం మీద మొదట చులకన. ఆవిడ లెక్క కార్తెల్లో. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి ఇరవై ఏడు. మే నెలాఖరున రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, జూన్ మొదటి వారం దాటాక మృగశిర వచ్చి చల్లబరుస్తుంది. బడి పుస్తకంలో మూడు కాలాలు, తెలుగు పంతులు చెప్పే ఆరు ఋతువులు, ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో ఆకులు రాలే శరత్తుతో సహా నాలుగు. వీటిలో ఏది కరెక్టని పిల్లలు అడుగుతారు. పొలం పనికి ఇరవై ఏడు కావాలి, బట్టలు కొనడానికి మూడు చాలు అని మా అమ్మ అంటుంది. అంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

అలాగని కార్తెల్ని నెత్తిన పెట్టుకోవాలని నేననను. ఇవి నక్షత్రాల లెక్క. ఋతువులు నడిచేది మరో లెక్క. రెండింటికీ మధ్య సుమారు డెబ్భై రెండేళ్ళకి ఒక రోజు తేడా వస్తుంది. అంటే దాదాపు వెయ్యేళ్ళకి ఒక పూర్తి కార్తె జరిగిపోతుంది. రోళ్ళు పగిలే సామెత ఎప్పుడు పుట్టిందో గానీ, అప్పటి రోహిణి ఇప్పటి రోహిణి ఒకే ఎండలో లేకపోవచ్చు. ఇది చెప్తే మా అమ్మ, "అయితే నీ పుస్తకం వెయ్యేళ్ళు రాయించు, అప్పుడు సూద్దాం" అంది.

అక్టోబరు వచ్చాక పుస్తకం స్వరం మారింది. ఈ తీరంలో అక్టోబరు అంటే పెద్దవాళ్ళ గొంతు కూడా మారుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకూల్చిన తిత్లీ. 2021 సెప్టెంబరు 26న గులాబ్ మాకు దగ్గర్లోనే, కళింగపట్నం పక్కన దాటింది. ఈ ఐదుగురిలో తిత్లీ నాటికి పెద్దాడు కూడా పాలుతాగే పిల్లాడే. కానీ అందరికీ ఆ కథలు వచ్చు.

మచ్చిలేశం పిల్లాడు ఒకరోజు అడిగాడు. "మావయ్యా, మా నాన్న ఫోన్లో మూడో నెంబరు అన్నారు. మన మూడుకి తువ్వాలే కదా ఎగురుద్ది? వేటకి ఎందుకెళ్ళొద్దన్నారు?" వాడు అడుగుతోంది పోర్టు హెచ్చరిక గురించి. మా చిన్నప్పుడు రేడియోలో వినేవాళ్ళం, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఫలానా నెంబరు ప్రమాద సూచిక అని. ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పదోది మహా ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఆ పదకొండు వినగానే పిల్లలందరూ కాసేపు మాట్లాడలేదు.

బ్యూఫర్ట్ అంకెలు ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్తాయి. రేవు అంకెలు ఏం రాబోతోందో చెప్తాయి. ఆరేళ్ళ పిల్లలకి ఈ తేడా చెప్పడం నేను అనుకున్నంత కష్టం కాలేదు, అవసరం మాత్రం అనుకున్న దానికన్నా ఎక్కువ. ఎందుకంటే బాగా చూడటం నేర్చుకున్నవాళ్ళకి తమ కళ్ళ మీద నమ్మకం పెరుగుతుంది. ఈ తీరంలో కళ్ళు ప్రాణం తీయగలవు. తుపాను ముందురోజు ఆకాశం ఎంత శుభ్రంగా ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు. హుద్‌హుద్ కన్ను విశాఖ మీద నుంచి వెళ్ళినప్పుడు గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్ళున్నారు. తర్వాత అదే గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగి కొట్టింది. ఆ నిశ్శబ్దంలో మా పట్టిక చూస్తే సున్నా: పొగ తిన్నగా పైకి. పూర్వం వాళ్ళకి ఆకాశం చదవడం తెలుసు, ఇప్పుడు ఫోన్ల వల్ల పోయింది అని బాధపడే వ్యాసాలు నేనూ చదివాను. ఆ ఫోనులో వచ్చే బులెటిన్ వెనక ఉన్నది కూడా వందల చోట్ల ఒకే వేళకి, ఒకే పద్ధతిలో చూసి రాసినవాళ్ళ పుస్తకాలే.

ఆ వారం అల్పపీడనం పట్టింది. రాత్రి మా అమ్మాయి లేచి కూర్చుంది. రేకులు కొట్టుకుంటున్నాయి. "నాలుగు" అంది. కాసేపు విని, "సరుగుడు వినపడట్లేదు. నాలుగే" అంది. తర్వాత అడిగింది: "ఐదవుతుందా నాన్నా?" అది పుస్తకంలో లేదు. లైటు వేసి ఫోన్లో బులెటిన్ తెరిచాను. ఇద్దరం కూర్చుని చదివాం. ఉత్తర కోస్తా, మోస్తరు వర్షాలు. 'మోస్తరు' అంటే ఏమిటని అడిగి, నేను చెప్పేలోగా పడుకుంది.

డిసెంబరు వచ్చేసరికి పుస్తకం పల్చబడింది. సీసాలో చుక్క లేదు, తువ్వాలు కదలదు. పొద్దున్న మంచు, మధ్యాహ్నం ఎండ, మళ్ళీ మంచు. పిల్లలు ఇద్దరికి తగ్గారు, మిగిలినవాళ్ళు క్రికెట్. మచ్చిలేశం పిల్లాడి వంతు వచ్చిన వారం వరసగా నాలుగు రోజులు 'నిన్నలాగే' అని రాసుంది. ఐదో రోజు కింద, కొంచెం పెద్ద అక్షరాలతో: "నిన్నలాగే. కాని పొగ గుడివేపు పోతంది."